బోర్డును తీసేసేదెవరు?



మీరెన్నడూ అడుగుపెట్టని ఊళ్లో, మీరు మొహమైనా చూడని యజమాని ఒకడు, దమ్మిడీ జీతం చేతికివ్వకుండా అర్ధరాత్రి దాకా మీచేత పని చేయించుకుని, ఒకనాడు "ఇక మీ సేవలు మాకు అక్కర్లేదు" అని ఉత్తరం పంపితే ఏమనిపిస్తుంది? నవ్వొస్తుందేమో. మా కాలనీలో ఒక కుర్రాడు మాత్రం అలాంటి ఉత్తరం చూసుకుని ఆ పూట అన్నం ముట్టలేదు. వాడు డిగ్రీ చదువుతున్నాడు. ఉద్యోగం ఇంగ్లండ్‌లో. నాలుగో అంచె లీగులో అడుగున పడి కొట్టుకుంటున్న ఒక చిన్న జట్టుకి మేనేజర్. ఆ జట్టంతా వాడి లాప్‌టాప్‌లో ఉంది.

ఆట పేరు ఫుట్‌బాల్ మేనేజర్. ఇందులో బంతిని మీరు తన్నరు. తన్నేవాళ్లను ఎంచుకుంటారు, కొంటారు, అమ్ముతారు, బుజ్జగిస్తారు, విరామంలో తిడతారు. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి, ఎవరు ఎవరిని కాయాలి, విలేకరులు గుచ్చి గుచ్చి అడిగితే ఏం చెప్పాలి, ఇవన్నీ మీ నెత్తిన ఉంటాయి. మ్యాచ్ మొదలయ్యాక మాత్రం గీత బయట నిలబడి చూడాల్సిందే. మేనేజరుగా మీకు జీతం కూడా రాస్తారు. దాన్ని ఖర్చుపెట్టుకునే దారి మాత్రం ఆట మొత్తం వెతికినా కనిపించదు. నా జీతం సంగతి మా ఇంట్లోనూ అంతే కాబట్టి నాకది పెద్ద వింతగా తోచలేదు.

ఈ రకం ఆటలకు నలభై ఏళ్లు దాటాయి. 1982లో కెవిన్ టామ్స్ అనే ఆంగ్లేయుడు ఇదే పేరుతో ఒక ఆట రాసి అమ్మాడు. 1992లో పాల్, ఆలివర్ కోల్యర్ అనే అన్నదమ్ములు ఛాంపియన్‌షిప్ మేనేజర్ తెచ్చారు. తర్వాత ప్రచురణ సంస్థతో తెగతెంపులయ్యాయి. పాత పేరు ఆ సంస్థకే మిగిలింది, ఆట అన్నదమ్ములతో వచ్చేసింది. 2004 నుంచి అది ఫుట్‌బాల్ మేనేజర్ పేరుతో ఏటా వస్తోంది. ఏటా అన్నాను గానీ, 2025 పేరుతో రావలసినది వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి రద్దయింది. ఊళ్లో వాళ్లందరి ఉద్యోగాలూ ఊడబెరికే ఆట ఒక ఏడాది తనే డ్యూటీకి రాలేదన్నమాట.

ఉద్యోగం ఊడడం ఇందులో ఎలా జరుగుతుందో చెప్పాలి. అసలు రుచి అక్కడే ఉంది. సీజన్ మొదట్లోనే బోర్డు తనకేం కావాలో చెబుతుంది. పై సగంలో ఉండాలనో, కనీసం కింది లీగులోకి జారకుండా చూడమనో అంటుంది. మీరు సరేనంటారు. రెండు మ్యాచ్‌లు పోతాయి. ఎవరూ ఏమనరు. గోల్‌కీపర్ మోకాలు పట్టుకుంటాడు. మూడోది పోతుంది. ఆటగాళ్ల పేర్ల పక్కన మనోబలం చూపించే గుర్తులు రంగు మారడం మొదలవుతుంది. సమావేశం పెట్టి నాలుగు మంచి మాటలు చెప్పబోతే సగం మంది మొహాలు మాడ్చుకుంటారు. పోనీ కోప్పడితే మిగతా సగం కూడా వాళ్లతో కలుస్తుంది. బోర్డు మీ పనికి గ్రేడ్లు వేస్తూ ఉంటుంది. అవి ఒక్కో మెట్టు దిగుతాయి. ఒకరోజు పిలుస్తారు. రాబోయే కొద్ది మ్యాచ్‌ల్లో ఇన్ని పాయింట్లు తెస్తానని మాటివ్వమంటారు. ఇవ్వకపోతే అప్పుడే ఇంటికి. ఇస్తే కొన్నాళ్లు ఆగి ఇంటికి. ఆ మధ్యకాలంలో మనిషి చేసే పనులు చూడాలి! పొద్దున్న నలుగురు డిఫెండర్లు, మధ్యాహ్నానికి ముగ్గురు, రాత్రికి అయిదుగురు. ఓడుతున్న మేనేజర్‌కి ప్రతి అరగంటకీ ఒక కొత్త సిద్ధాంతం పుడుతుంది.

ఇప్పుడు మా కాలనీ సంగతి. రాయ్‌పూర్‌లో వ్యాగన్ రిపేర్ షాపు ఉంది, దాని చుట్టూ డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ ఉంది. విజయనగరం లైను పట్టుకుని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే కొలువులకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు మావి. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, గుమ్మం దాటితే హిందీ. మా పెద్దవాళ్లకు ఉద్యోగం అంటే ఒకసారి దొరికాక పోనిది. పోవాలంటే దానికో పద్ధతుంది. 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నిబంధనలున్నాయి. చిన్న తప్పుకి ఎస్సెఫ్ పదకొండు, పెద్ద తప్పుకి ఎస్సెఫ్ అయిదు, ఛార్జిషీటు, జవాబు, ఎంక్వైరీ, ఆపైన అప్పీలు. ఈలోగా మనిషి రిటైరైపోయినా ఆశ్చర్యం లేదు. అందుకే ఆ కుర్రాడు "తాతా, బోర్డువాళ్లు నన్ను నికాల్ దియా" అని గుడ్లనీళ్లు కుక్కుకుంటే, షాపులో ఫిట్టరుగా చేసి దిగిపోయిన వాళ్ల తాత కళ్లజోడు సర్దుకుని అడిగిన మొదటి ప్రశ్న: "ఎస్సెఫ్ అయిదు ఇచ్చారట్రా?"

నవ్వుకున్నాం. కానీ ఆ ప్రశ్న నాకు తలలోంచి పోలేదు. ఫుట్‌బాల్‌లో మేనేజర్‌ని తీసేస్తే ఎంక్వైరీ ఎవరు చేస్తారు? తప్పు అతనిదేనని తేల్చేదెవరు?

రాయ్‌పూర్ క్రికెట్ ఊరు. నవా రాయ్‌పూర్‌లో షహీద్ వీర్ నారాయణ్ సింగ్ పేరిట పెద్ద స్టేడియం ఉంది. 2023 జనవరిలో మొదటి అంతర్జాతీయ మ్యాచ్ జరిగినప్పుడు న్యూజిలాండ్‌ని 108కే చుట్టేశారు మనవాళ్లు. ఫుట్‌బాల్‌లో దేశంలోని పెద్ద లీగు, ఇండియన్ సూపర్ లీగ్, ఇక్కడికి రాలేదు. అందుకని 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టినప్పుడు ఇక్కడి తెలుగు కుర్రాళ్లు దాన్నే తమ జట్టనుకున్నారు. మేనేజరుగా వచ్చింది ఫిల్ బ్రౌన్. చిన్నవాడు కాదు. ఇంగ్లండ్‌లో హల్ సిటీని చరిత్రలో మొదటిసారి ప్రీమియర్ లీగుకి ఎక్కించినవాడు. ఆయనకి ఇంకో ఖ్యాతి కూడా ఉంది. 2008 డిసెంబర్ 26న మాంచెస్టర్ సిటీ మీద విరామానికే 4-0 వెనకబడితే, ఆటగాళ్లను లోపలికి తీసుకెళ్లకుండా మైదానం మీదే, తమ అభిమానుల ముందే కూర్చోబెట్టి వేలు చూపిస్తూ చివాట్లు పెట్టాడు. మ్యాచ్ 5-1తో పోయింది. ఆ సీజన్ చివర హల్ ఒక్క పాయింటు తేడాతో గండం గట్టెక్కింది. కంప్యూటర్ ఆటలో కోపం మీట మీద చెయ్యి వేసే ముందు కుర్రాళ్లు ఈ కథ ఒకసారి తలుచుకోవడం మంచిది.

హైదరాబాద్‌లో బ్రౌన్ ఉద్యోగం 12 మ్యాచ్‌లు నిలిచింది. మొదటిదే కోల్‌కతాలో 5-0తో పోయింది. గచ్చిబౌలిలో మొదటి మ్యాచ్‌లో కేరళ బ్లాస్టర్స్‌ని 2-1తో ఓడించారు. ఊరంతా ఇక ఫరవాలేదనుకుంది. ఆ తర్వాత ఆయనకి మరో గెలుపు లేదు. ఒకటి గెలుపు, రెండు డ్రా, తొమ్మిది ఓటములు. విదేశీ ఆటగాళ్లలో కొందరు గాయాలపాలయ్యారు. 2020 జనవరి 10న చెన్నయిన్ చేతిలో 3-1తో ఓడారు. ఆ మర్నాడు ఆయన్ని పంపేశారు. 12 మ్యాచ్‌లకి అయిదు పాయింట్లు. ఆయన పోయాక మిగిలిన ఆరు మ్యాచ్‌లకి మరో అయిదు. అందులో ఆఖరి మ్యాచ్‌లో నార్త్‌ఈస్ట్ మీద 5-1 గెలుపు కూడా ఉంది. మొత్తం పది పాయింట్లతో జట్టు అట్టడుగునే ముగించింది.

చూశారా, కొత్తవాళ్లు రాగానే ఆరింట్లో అయిదు పాయింట్లొచ్చాయి, కాబట్టి తీసెయ్యడం సబబే అంటారు మీరు. అందరూ అలాగే అంటారు. ఈ వాదనని బాస్ టెర్ వీల్ అనే డచ్ ఆర్థికవేత్త కూర్చుని లెక్కగట్టాడు. నెదర్లాండ్స్ పెద్ద లీగులో 1986 నుంచి 2004 వరకు జరిగిన తొలగింపులన్నీ తీసుకున్నాడు. మేనేజర్‌ని తీసేసిన జట్లు నిజంగానే కోలుకున్నాయి. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. అదే తీరుగా వరసగా ఓడి, మేనేజర్‌ని మాత్రం ఉంచుకున్న జట్లను వాటి పక్కన పెట్టి పోల్చి చూశాడు. అవీ దాదాపు అంతే కోలుకున్నాయి. మరీ కిందికి పోయినది ఎవరున్నా లేకపోయినా కాస్త పైకే వస్తుంది. నాకు తెలిసినంతలో ఈ వ్యవహారం మీద ఇంతకంటే గట్టి మాట ఎవరూ చెప్పలేదు. బోర్డులు మాత్రం దీన్ని చదివినట్టు కనిపించవు. చదివినా ఏం చేస్తాయి? గ్యాలరీలో జనం కేకలు వేస్తున్నప్పుడు ఇరవై అయిదు మంది ఆటగాళ్లని మార్చలేరు. ఒక్కణ్ని మార్చడం సులువు.

దీనికి ఎదురుగా నిలబెట్టడానికి మనకొక మనిషి ఉన్నాడు. హైదరాబాదీ. సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకి శిక్షకుడు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు ఆ జట్టువే. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత్‌కి స్వర్ణం తెచ్చాడు. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా, ఒట్టి కాళ్లతో దిగారు. యుగోస్లావియా చేతిలో 10-1. పది గోల్స్! ఇప్పటి బోర్డయితే విమానం ఎక్కకముందే ఉత్తరం ఇచ్చేది. అప్పుడేమైంది? దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య ఇకనుంచి బూట్లు తప్పనిసరి అంది. అంటే తప్పు ఎక్కడుందో వెతికి, దొరికిన తప్పుని సరిచేశారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి జట్టుని తీసుకెళ్లింది మళ్లీ రహీం సాబే. అక్కడ నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకంటే పైకి ఇప్పటికీ వెళ్లలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఇంకా ముచ్చటైన కథ. జర్నైల్ సింగ్ డిఫెండర్. తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడితే ప్రతి బంతికీ తల పెట్టాలి. రహీం ఆయన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. కంప్యూటర్ ఆటలో డిఫెండర్‌ని అక్కడ పెడితే తెర మీద ఎర్ర గుర్తు వస్తుంది, ఇతను ఇక్కడ పనికిరాడని. ఆ పనికిరానివాడే కొరియా మీద ఫైనల్లో గోల్ కొట్టాడు. 2-1, స్వర్ణం. అప్పటికే రహీం క్యాన్సర్‌తో ఉన్నాడు. 1963 జూన్‌లో పోయాడు.

ఆ కాలం వేరు, డబ్బు లేని కాలం అంటారా? అయితే మొన్నటి సంగతి చూద్దాం. ఇగోర్ స్టిమాక్ భారత జట్టుకి కోచ్‌గా 2023లో సాఫ్ కప్పు గెలిపించాడు. ర్యాంకు 99కి చేరింది. మరుసటి జూన్‌లో ఖతార్ మీద ఓడి ప్రపంచకప్ అర్హత మూడో రౌండుకి చేరలేకపోయాం. బంతి గీత దాటి బయటికి వెళ్లాక లోపలికి లాగి కొట్టిన గోల్‌ని రిఫరీ ఒప్పుకున్న మ్యాచ్ అది. 2024 జూన్ 17న స్టిమాక్‌ని తీసేశారు. ఆయన స్థానంలో వచ్చిందెవరు? మనోలో మార్కెజ్.

ఈ పేరు హైదరాబాద్ వాళ్లకి పరిచయమే. బ్రౌన్ వదిలి వెళ్లిన అట్టడుగు జట్టుని 2020లో చేతిలోకి తీసుకుని, పేరులేని మన దేశపు కుర్రాళ్లని నమ్మి, 2022 మార్చి 20న గోవాలో కేరళని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ ట్రోఫీ తెచ్చాడు. గోల్‌కీపర్ కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. రెండేళ్లలో అడుగు నుంచి కప్పు దాకా! ఇలాంటివి లాప్‌టాప్‌లో జరిగితేనే జనం నమ్మరు. ఆ మార్కెజే భారత జట్టుకి వచ్చాడు. ఎనిమిది మ్యాచ్‌లు ఆడించాడు. అందులో మూడు గచ్చిబౌలిలోనే, తను ఏలిన మైదానంలోనే. గెలిచింది ఒక్కటి, మాల్దీవుల మీద. 2025 జూలైలో విడిపోయారు. పరస్పర అంగీకారం అన్నారు. ఆ మాటకి అర్థం పెళ్లిళ్ల వ్యవహారాల్లో ఎంతో, ఫుట్‌బాల్‌లోనూ అంతే.

మనిషి అతనే. మైదానం అదే. హైదరాబాద్‌లో మొనగాడు, భారత జట్టులో ఎందుకూ కొరగానివాడు ఎలా అయ్యాడు? ఎవడూ తనొక్కడి వల్లే మొనగాడూ కాడు, కొరగానివాడూ కాడు. వెనక ఎవరున్నారు, డబ్బు ఎవరి చేతిలో ఉంది, గోల్ కొట్టే కుర్రాణ్ని తయారుచేసే పని ఎవరు చేస్తున్నారు, ఇవన్నీ కలిస్తేనే ఆ పది పాయింట్లో ఆ కప్పో వస్తుంది.

మార్కెజ్ 2023లో హైదరాబాద్ వదిలేశాక జరిగిందే ఇందుకు సాక్ష్యం. క్లబ్బు చేతిలో డబ్బు లేదు. జీతాలు నిలిచిపోయాయి. కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా నిషేధం పడింది. సీజన్ మధ్యలో విదేశీయుల్లో చాలామంది మూటాముల్లె సర్దుకున్నారు. కోచ్ థాంగ్‌బోయి సింగ్టో దగ్గర మిగిలింది దాదాపు మన కుర్రాళ్లే. 22 మ్యాచ్‌లకి ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు, మళ్లీ అట్టడుగు. పాయింట్ల పట్టికలో చూస్తే బ్రౌన్ కంటే సింగ్టో హీనం. నన్నడిగితే ఆ సీజన్లో జీతం అందని పిల్లల్ని వారం వారం మైదానంలోకి దించడమే పెద్ద పని. మరుసటి డిసెంబర్‌లో ఆయనా వెళ్లిపోయాడు. 2025 అక్టోబర్‌లో ఏకంగా క్లబ్బే ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. ఈసారి తీసేసింది మేనేజర్‌ని కాదు, ఊరిని. గచ్చిబౌలి జనానికి ఎస్సెఫ్ పదకొండు కూడా ఇవ్వలేదు.

ఈ కంప్యూటర్ ఆటతో నా పేచీ ఇక్కడే. ఆటగాడి కాలి కండరం నుంచి అభిమానుల అసంతృప్తి దాకా అన్నిటికీ అంకెలు వేస్తుంది. మిమ్మల్ని తీసెయ్యడానికి బోర్డుకి నూరు మార్గాలిస్తుంది. మీకు మాత్రం అలగడం, రాజీనామా చెయ్యడం, ఇంతే. బోర్డు చేసిన తప్పుకి బోర్డుని దింపే మీట లేదు. నిజానికి దగ్గరగా ఉందని ఈ ఆటని మెచ్చుకునేవాళ్లు ఈ ఒక్క విషయంలో మరీ ఎక్కువ మెచ్చుకోవాలి.

ఈ ఆట ఆడి పెరిగి నిజంగా కోచ్ అయినవాడు ఒకడున్నాడు. విల్ స్టిల్. బెల్జియంలో పుట్టిన ఆంగ్లేయుడు. 2022లో, ముప్ఫై ఏళ్ల వయసులో ఫ్రాన్స్‌లో రీమ్స్ జట్టు అతని చేతికొచ్చింది. పెద్ద లైసెన్సు లేదని మ్యాచ్ మ్యాచ్‌కీ క్లబ్బు జరిమానా కట్టింది. అతను వరసగా 17 లీగ్ మ్యాచ్‌లు ఓడకుండా నడిపాడు. ప్రపంచంలో కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతి కుర్రాడూ ఆ వార్త చదివి ఇంట్లో తల్లిదండ్రులకి చూపించాడు. అతణ్నే 2025 నవంబర్ 2న ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ తీసేసింది. ఈ వార్త ఎవరూ ఇంట్లో చూపించినట్టు లేదు.

కంప్యూటర్ ముందు ఓడినవాడికి విల్ స్టిల్‌కి లేని సౌకర్యం ఒకటుంది. ముందే దాచుకున్న ఫైలు తెరిచి, ఓడిన మ్యాచ్‌ని మళ్లీ ఆడొచ్చు. గెలిచేదాకా ఆడొచ్చు. చాలామంది ఆడతారు కూడా. అలా గెలిచినవాడికి అయిదు నిమిషాల ఆనందం. ఆ తర్వాత ఆట చప్పబడిపోతుంది. ఉద్యోగం పోయినా ఫైలు ముట్టుకోకుండా ఉండేవాడికి ఆట ఇంకోలా సాగుతుంది. మేనేజర్ నిరుద్యోగిగా మిగులుతాడు. తన జట్టు తను లేకుండా ఆడుతుంటే ఫలితాలు చూస్తూ ఉంటాడు. తను తిట్టి బెంచి మీద కూర్చోబెట్టినవాడు గోల్ కొడతాడు. ఖాళీలు వెతికి దరఖాస్తులు పెడతాడు. పెద్ద క్లబ్బులు జవాబే ఇవ్వవు. ఇంకో అంచె కింద, ఇంకో దేశంలో ఎవరో పిలుస్తారు. మన దేశపు లీగులు కూడా అందులో ఉన్నాయి. నిజంగా ఆడేవాళ్ల మధ్య చెప్పుకోదగ్గ కథలన్నీ ఇక్కణ్నుంచే మొదలవుతాయి.

పిల్లలు ఈ ఆట ఆడే ఇళ్లలోని పెద్దలకి ఒక మాట. ఉద్యోగం పోయిందని వాడు దిగాలుగా కూర్చుంటే "అది ఉత్త ఆటేగా" అనకండి. ఏం తప్పు జరిగిందో అడగండి. మా కాలనీ తాత చేసినట్టు ఎంక్వైరీ పెట్టండి. గాయాలా, డబ్బా, ఎత్తుగడా, బోర్డా? అరగంటలో వాడు మీకు జమాఖర్చులు, జీతాల బిల్లు, అప్పు, వడ్డీ అన్నీ చెబుతాడు. కామర్స్ పాఠం వేరే అక్కర్లేదు.

ఆడే కుర్రాళ్లకి ఇంకో మాట. కొత్త క్లబ్బులో ఇంటర్వ్యూకి పిలిస్తే మీ ఫార్మేషన్ గురించి వాళ్లడిగేదానికి జవాబు చెప్పండి. సంతకం పెట్టే ముందు మాత్రం ఆ క్లబ్బు ఆర్థిక వివరాల పేజీ తెరిచి చూడండి. బ్యాంకులో ఎంతుంది, జీతాలకి నెలకెంత పోతోంది, అప్పెంత. అది సరిగా లేకపోతే ఎంత పెద్ద పేరున్న జట్టయినా ఆ ఉద్యోగం ఒప్పుకోకండి.